చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఏడాది సభ్యత్వం: ఆటకు కొనండి, కరపత్రం చూసి కాదు

బెంగళూరులో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఏడాది సభ్యత్వం అమ్ముతోంది. ఒక్కరికైతే 1,200 రూపాయలు, కుటుంబానికి 2,500. మేము కుటుంబ కార్డు తీసుకున్నాం. క్లబ్బు పేరు రాయను. ఇలాంటి క్లబ్బులు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి, నేను చెప్పబోయేది చాలావరకు అన్నిటికీ వర్తిస్తుంది. పైగా ఆ క్లబ్బు మేనేజరు మంచి మనిషి, ఆదివారం మళ్లీ ముఖాముఖాలు చూసుకోవాలి.

డబ్బు కట్టగానే ఒక సంచీ ఇచ్చారు. అందులో ఒక జెర్సీ, ఒక మఫ్లరు, ప్లాస్టిక్ కార్డు, వాటితో పాటు నున్నటి కాగితం మీద అచ్చు వేసిన కరపత్రం. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "రాష్ట్ర లీగ్ నుంచి ఐఎస్ఎల్‌కు! అయిదేళ్ల ప్రయాణంలో మీరూ భాగస్వాములు కండి" అని ఉంది. ఐఎస్ఎల్ అంటే ఇండియన్ సూపర్ లీగ్, దేశంలో అన్నిటికన్నా పై ఫుట్‌బాల్ లీగ్. వృత్తిరీత్యా నేను ఆడిటర్‌ని. కాగితం మీద హామీ కనబడితే దాని వెనక ఆధారం ఉందా అని వెతకడం ఇరవై ఏళ్లుగా నా బతుకుతెరువు. కాబట్టి జెర్సీ గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఆ హామీ సంగతే ఎక్కువ రాస్తాను.

జెర్సీ బట్ట బాగుంది, చెమట పీలుస్తుంది, రంగు వెలవలేదు. వెనక అంకె మాత్రం వేడితో అతికించింది. వాషింగ్ మెషీన్‌లో వేస్తే అంచులు లేచిపోతున్నాయి. మా అమ్మాయి వీపు మీది 7 ఇప్పుడు దూరం నుంచి చూస్తే 1 లాగే ఉంది. మఫ్లరు ఊహించినదానికన్నా ఉపయోగపడింది. డిసెంబరులో పొద్దున్నే బస్టాపులో నిలబడేవాళ్లకు ఆ సంగతి తెలుసు. కార్డు మీద ఫోటో చక్కగా వచ్చింది కానీ, గేటు దగ్గర కుర్రాడు దాని వంక చూడకుండానే లోపలికి పంపించేశాడు. కార్డు లేకపోయినా పంపేవాడేనేమోనని అనుమానం. అడగలేదు. అడిగితే నా 2,500కు లెక్క చెప్పుకోవలసి వస్తుంది.

అసలు ఇబ్బంది మ్యాచ్‌ల వేళలతో. మ్యాచ్ ఎప్పుడన్నది ముందురోజు రాత్రి ఫోనుకు సందేశం వస్తే గాని తెలియదు. చాలావరకు పనిదినాల్లో, మధ్యాహ్నం మూడింటికి. ఎండ నేరుగా కళ్లలో పడే వేళ. ఉద్యోగం చేసుకునేవాళ్లు ఎవరు చూస్తారు? సెప్టెంబరులో ఆదాయపు పన్ను ఆడిట్ గడువు నెత్తి మీద ఉండగా "రేపు మూడింటికి కీలక మ్యాచ్, తప్పక రండి" అని సందేశం వస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సభ్యత్వం కొనేవాళ్లు ముందే ఈ విషయం గుర్తుంచుకోవాలి.

అయినా వెళ్లగలిగిన రోజున మాత్రం డబ్బు వృథా అనిపించలేదు. మ్యాచ్‌లు ఎక్కువగా అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో జరుగుతాయి. మేము కె.ఆర్.పురం నుంచి ఊదారంగు మెట్రోలో ఎం.జి. రోడ్డుకు వచ్చి, గరుడ మాల్ వైపు నడుచుకుంటూ వెళ్తాం. మైదానంలో వేసింది కృత్రిమ గడ్డి. బంతి పడ్డచోటల్లా సన్నటి నల్లటి రబ్బరు రవ్వలు చిన్న బుగ్గలా లేస్తాయి. ఆట అయ్యాక అటుగా నడిచి వస్తే అవి మన చెప్పుల్లోకీ చేరతాయి, మా ఇంటి గుమ్మం దాకా వస్తాయి. మెట్ల మీద కింది వరసలో కూర్చుంటే సైడ్ లైను చేతికి అందేంత దగ్గర. గోల్‌కీపర్ తన డిఫెండర్లను ఏ భాషలో తిడుతున్నాడో కూడా వినబడుతుంది: మొదట కన్నడం, కోపం పెరిగితే తమిళం, గోలు పడితే ఏ భాషా లేదు. ఎడమ వైపు ఆడే కుర్రాడిది బంగారపేట, ఇంట్లో తెలుగే. త్రో-ఇన్ వేయడానికి మా ముందుకు వచ్చినప్పుడు మా అమ్మాయి "అన్నా, వెనకాల ఖాళీగా ఉన్నాడు చూడు" అని అరిచింది. వాడు చూశాడు, వేశాడు కూడా. ఆ రోజు నుంచి అది తన పాస్ అని ఇంట్లో ప్రచారం.

కంఠీరవ స్టేడియంలో ఐఎస్ఎల్ జట్టు బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్‌లకు కూడా మేము వెళ్లాం. అక్కడి హోరు, వెస్ట్ బ్లాక్ బ్లూస్ అనే అభిమానుల బృందం పాటలు, దీపాల వెలుగు వేరు. అయితే ఆటకూ మనకూ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంటుంది. గోల్‌కీపర్ తిట్లు వినబడవు. దగ్గరగా కూర్చుని ఆట నేర్చుకోవాలనుకునే పిల్లలకు అశోక్‌నగరే మేలు అని నా అభిప్రాయం. ఆ మాటకొస్తే బెంగళూరు ఎఫ్‌సీ కూడా తన తొలి సీజను ఆడింది ఇక్కడే, 2013-14లో. ఆ ఏడే, అప్పట్లో దేశంలో పై లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచి, తర్వాత కంఠీరవకు మారింది.

ఇక కరపత్రం సంగతి.

మా వీధిలో రెడ్డెప్ప గారని ఒక పెద్దాయన ఉన్నారు. చిత్తూరు దగ్గర పల్లెటూరు ఆయనది. దూరవాణినగర్‌లోని ప్రభుత్వ టెలిఫోన్ ఫ్యాక్టరీ ఐటీఐలో పనిచేసి రిటైరయ్యారు. ఐటీఐ జట్టు ఆటలు, విమానాల కంపెనీ హెచ్ఏఎల్ జట్టు ఆటలు చూస్తూ వయసు గడిపారు. కరపత్రం ఆయనకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చదివి, "అయిదేళ్లా? అమ్మా, హెచ్ఏఎల్ అంతటి కంపెనీ జట్టు రెండేళ్లు నిలబడలేకపోయింది" అన్నారు.

ఆయన చెప్పింది నిజం. హెచ్ఏఎల్ 2010లో రెండో డివిజన్ నుంచి ఐ-లీగ్‌కు ఎక్కింది. రెండు సీజన్లు ఆడి 2012లో మళ్లీ కిందికి దిగింది. ఆటగాళ్లకు ఉద్యోగం, జీతం, పింఛను ఇచ్చి నడిపిన జట్టు అది. ఒకప్పుడు బెంగళూరు ఫుట్‌బాల్ అంటేనే ఇటువంటి ప్రభుత్వరంగ సంస్థల జట్లు. కుర్రాడు బాగా ఆడితే ఫ్యాక్టరీలో ఉద్యోగం, మధ్యాహ్నం క్యాంటీన్ భోజనం, సాయంత్రం ప్రాక్టీసు. ఆస్టిన్ టౌన్, గౌతమపుర వాడల నుంచి ఎందరో ఆ దారినే పట్టారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మన దేశం తరఫున గోలు కొట్టిన సారంగపాణి రామన్ ఈ ఊరివాడే. ఉద్యోగాలిచ్చే రోజులు పోయాక ఆ జట్లూ వెనకబడ్డాయి.

హెచ్ఏఎల్ దిగిపోయిన మరుసటి ఏడు, 2013లో, ఉక్కు కంపెనీ జేఎస్‌డబ్ల్యూ సంస్థ బెంగళూరు ఎఫ్‌సీని స్థాపించింది. రెండో డివిజన్ ఆడకుండానే, పిలిచిన బిడ్లలో గెలిచి నేరుగా ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. 2017లో మళ్లీ బిడ్డింగు ద్వారానే ఐఎస్ఎల్‌లో చేరింది. అలిపిరి మెట్లెక్కి చెమటలు కక్కుతూ వచ్చినవాళ్లు క్యూలో నిలబడి ఉండగా, బ్రేక్ దర్శనం టికెట్టు చేతిలో ఉన్నవాళ్లు పక్కనుంచి వెళ్లిపోయినట్టు. వాళ్లను తప్పుపట్టడం లేదు. లోపలికి వెళ్లాక వాళ్లు చేసింది తక్కువేమీ కాదు. రెండుసార్లు ఐ-లీగ్ గెలిచారు, 2016లో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ క్లబ్బు అయ్యారు, 2018-19లో ఐఎస్ఎల్ కప్పు తెచ్చారు. నేను చెప్పేదల్లా ఒకటే. ఈ ఊరి నుంచి ఐఎస్ఎల్‌కు చేరిన ఒకే ఒక్క క్లబ్బు మెట్ల దారిన రాలేదు. కరపత్రం మాత్రం మనకు మెట్ల దారిని చూపిస్తోంది.

మెట్లు ఎన్ని ఉన్నాయో చూద్దాం. రాష్ట్ర లీగ్‌లో పై శ్రేణి అయిన సూపర్ డివిజన్‌లో పైన నిలవాలి. అక్కడి నుంచి రాష్ట్ర సంఘం పేరు పంపితే ఐ-లీగ్ 3. అందులో నెగ్గితే ఐ-లీగ్ 2. అందులో నెగ్గితే ఐ-లీగ్. అందులో మొదటి స్థానం వస్తే ఐఎస్ఎల్. ఏ సీజనూ తప్పకుండా, ప్రతి ఏడూ ఒక్కో మెట్టు ఎక్కితేనే అయిదేళ్ల లెక్క సరిపోతుంది. ఒక్కసారి కాలు జారినా లెక్క మారిపోతుంది. ఈ ఊళ్లోని ఎస్‌సీ బెంగళూరునే తీసుకోండి. 2023-24లో ఐ-లీగ్ 2 గెలిచి ఐ-లీగ్‌కు వెళ్లింది. ఒకే ఒక్క సీజను తర్వాత, 2024-25 చివర, మళ్లీ కిందికి వచ్చింది. ఆ క్లబ్బు ఆట నేను చూశాను. బలహీనమైన జట్టేమీ కాదు. ఐజ్వాల్, శ్రీనగర్, షిల్లాంగ్, గోవా చుట్టి వచ్చే లీగ్‌లో జీతాలూ ప్రయాణాలూ భరిస్తూ నిలదొక్కుకోవడం అంత తేలిక కాదు, అంతే.

ఇంకో చిత్రం చెప్పాలి. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టు దాకా ఎక్కినా, చాలా ఏళ్లు చివరి తలుపే లేదు. ఐఎస్ఎల్ 2014లో ఎనిమిది జట్లతో మొదలైనప్పటి నుంచి కింద ఎంత గొప్పగా ఆడినా పైకి తీసుకోలేదు, పైన ఎంత చెత్తగా ఆడినా కిందికి దించలేదు. ఐజ్వాల్ ఎఫ్‌సీ ఉదంతం మరీ బాధ కలిగిస్తుంది. మిజోరం కొండల మీది ఆ క్లబ్బు రెండో డివిజన్ నుంచి వచ్చి, 2016-17లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు ఎఫ్‌సీలను దాటి ఐ-లీగ్ ఛాంపియన్ అయింది. ఆ ఏడే ఐఎస్ఎల్ కొత్త జట్లను తీసుకుంది. ఎవరిని? బిడ్డు వేసిన బెంగళూరు, జంషెడ్‌పూర్ జట్లను. ఛాంపియన్ బయటే ఉండిపోయింది. గోకులం కేరళ 2020-21, 2021-22 వరసగా రెండేళ్లు ఐ-లీగ్ గెలిచినా అదే గతి.

తలుపు తెరుచుకున్నది 2022-23 నుంచి. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో కుదిరిన ప్రణాళిక ప్రకారం, ఐ-లీగ్ విజేతకు ప్రవేశ రుసుము లేకుండా ఐఎస్ఎల్‌లో చోటివ్వాలి, లైసెన్సు షరతులు తీరితే, అంటే క్లబ్బు వసతులు, సిబ్బంది, జమాఖర్చులు సరిగ్గా ఉన్నాయని తేలితే. ఆ దారిన మొదట వచ్చింది పంజాబ్ ఎఫ్‌సీ. తర్వాత 1891లో పుట్టిన కోల్‌కతా మొహమ్మెడన్ స్పోర్టింగ్. మూడోది ఇంటర్ కాశీ. ఆ మూడో కథ మైదానంలో తేలలేదు. 2024-25 టైటిల్ తమదేనని చర్చిల్ బ్రదర్స్ ఒకవైపు, కాశీ మరోవైపు పట్టుబట్టడంతో, 2025 జూలైలో స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కాశీ పక్షాన తీర్పు చెప్పింది. కాబట్టి కరపత్రంలో ఇంకో ఖర్చు కూడా రాసుకోవాలి: లాయర్లు.

ఆ ముగ్గురి పద్దులూ కాస్త పరిశీలిస్తే తత్వం బోధపడుతుంది. పంజాబ్ ఎఫ్‌సీకి సొంత రాష్ట్రంలో తగిన స్టేడియం లేక, ఐఎస్ఎల్‌లో సొంతగడ్డ మ్యాచ్‌లు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఆడింది. ఇంటర్ కాశీ పేరుకు వారణాసి జట్టు, ఐ-లీగ్‌లో ఆడిన సొంతగడ్డ మాత్రం పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి. పైగా అది కూడా కింది మెట్ల నుంచి రాలేదు, 2023లో నేరుగా ఐ-లీగ్‌లోకి ప్రవేశం పొందింది. మొహమ్మెడన్ తొలి ఐఎస్ఎల్ సీజనులో ఆఖరి స్థానంలో నిలిచింది. మధ్యలో ఆటగాళ్ల జీతాల బకాయిల వార్తలు పత్రికలన్నిటిలో వచ్చాయి. కింది వరసకు దించే నియమం అప్పటికి అమలులో లేదు కాబట్టి లీగ్‌లో మిగిలింది. రాష్ట్ర లీగ్‌లో మొదటి మెట్టు మీద కాలుపెట్టి, ఒక్కొక్కటే ఎక్కుతూ, ఈ కొత్త తలుపు గుండా ఐఎస్ఎల్ చేరిన చిన్న క్లబ్బు ఈ ముగ్గురిలో ఒక్కటీ లేదు.

మా క్లబ్బు మేనేజరుది హిందూపురం. ఒకరోజు ఆట అయ్యాక గ్యాలరీ కింద టీ తాగుతుంటే కరపత్రం తీసి అడిగాను. వెనక కిట్లు చూసుకునే కుర్రాడు ప్రాక్టీసులో చొక్కా మీద తొడుక్కునే బిబ్బులు తడిస్తే పిండి కమ్మీల మీద ఆరేస్తున్నాడు. నీళ్లు మా మీద చిలుకుతున్నాయి.

"లైసెన్సింగుకు సిద్ధమవుతున్నారా?" అన్నాను.

"అవుతున్నాం మేడమ్. అయిదు విభాగాలు ఉంటాయి" అంటూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. క్రీడ, మౌలిక వసతులు, సిబ్బంది, న్యాయం, ఆర్థికం. అతనికి అన్నీ కంఠతా వచ్చు. అక్కడే నాకు అతని మీద గౌరవం కలిగింది. పిల్లల జట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి. కోచ్‌కు తగిన డిప్లొమా ఉందా అంటే, ఇప్పటి స్థాయికి సరిపోతుంది, పై లీగ్‌కైతే ప్రో లైసెన్సు ఉన్నవాడు కావాలి, అలాంటివాడి జీతం మన మొత్తం జట్టు జీతం కన్నా ఎక్కువ అన్నాడు. స్టేడియం అంటే నవ్వాడు. ఆటగాళ్లకు బకాయిలు లేవు అన్నాడు, అది గట్టిగా చెప్పాడు.

"ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు?"

"ఉంది మేడమ్. ఆడిటర్ గారి దగ్గర ఉంది."

ఈ జవాబు నేను ఎన్ని ఆఫీసుల్లో ఎన్నిసార్లు విన్నానో. ఆ ఆడిటరు నేను కాదు కాబట్టి బతికిపోయాడు.

తర్వాత అతనే కాస్త తగ్గి మాట్లాడాడు. "నిజం చెప్పాలంటే, నాకు ఐఎస్ఎల్ బెంగ లేదు మేడమ్. ఐ-లీగ్ 3 వస్తే పాతికమందికి రైలు టికెట్లు ఎలా కొనాలన్నదే బెంగ. కరపత్రం డిజైన్ చేసినవాడు ఏదో ఒకటి పెద్దగా రాయాలన్నాడు, రాశాం." ఆ మాట కరపత్రం మీద ఉంటే నేను రెండు కార్డులు కొనేదాన్ని.

ఇలాంటి హామీ అన్నిచోట్లా వట్టిదేనా అంటే కాదు. ఇంగ్లండ్‌లో ల్యూటన్ టౌన్ 2014లో అయిదో శ్రేణి నుంచి బయటపడి, తొమ్మిదేళ్లకు, 2023లో, ప్రీమియర్ లీగ్ చేరింది. కెనిల్‌వర్త్ రోడ్డులోని వాళ్ల స్టేడియంలో ఒక గ్యాలరీకి ప్రేక్షకులు ఇళ్ల వరస మధ్యలోంచి, ఆ ఇళ్ల పెరళ్ల మీదుగా వెళ్తారు. టీవీవాళ్లకు తగినట్టు మార్పులు పూర్తి కాక, పై లీగ్‌లో వాళ్ల మొదటి సొంతగడ్డ మ్యాచ్ వాయిదా పడింది. ఒక సీజను ఆడి దిగిపోయారు, మరుసటి ఏడు ఇంకో మెట్టు దిగారు. అయినా ఎక్కే దారి ఉంది కాబట్టే ఎక్కారు.

ఆడిటర్‌గా నాకు నచ్చిన కథ మాత్రం స్పెయిన్‌లోని ఐబార్‌ది. జనాభా ముప్ఫై వేలు కూడా లేని ఊరు. 2014లో రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చింది. అప్పులు లేవు. పైసా బాకీ లేదు. అయినా స్పెయిన్ చట్టం ప్రకారం మూలధనం చాలదు, దాదాపు 17 లక్షల యూరోలు సమకూర్చుకోవాలి, లేకపోతే పైకి కాదు, కిందికే వెళ్లాలి అన్నారు. లాభనష్టాలు సరిగ్గా చూసుకున్న క్లబ్బుకు శిక్ష, అప్పుల్లో మునిగిన పెద్ద క్లబ్బులకు రాచమర్యాద! క్లబ్బు వాటాలు అమ్మకానికి పెట్టింది. ఎక్కడెక్కడి దేశాల నుంచో అభిమానులు కొన్నారు. డబ్బు పోగైంది, ఐబార్ పై డివిజన్‌లో ఏడేళ్లు ఆడింది. మా మేనేజరుకు ఈ సంగతి చెబితే ఫోనులో రాసుకున్నాడు. వచ్చే ఏడు నాకు వాటాలు అంటగడతాడేమో చూడాలి.

అమెరికాలో వ్యవహారం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ కింది లీగ్ క్లబ్బు పై లీగ్ ఎంఎల్ఎస్‌లోకి వెళ్లాలంటే గెలవనక్కర్లేదు, కొనాలి. సిన్సినాటి అలాగే 15 కోట్ల డాలర్లు కట్టి 2019లో చేరింది. శాన్ డియాగో దగ్గరకు వచ్చేసరికి ఆ ధర 50 కోట్ల డాలర్లు అయింది. మన ఐఎస్ఎల్ మొదట్లో ఎక్కిన బండి అదే.

ఇక మన తెలుగువాళ్ల సంగతి రాయకుండా ఉండలేను. నేను పుట్టింది సికింద్రాబాద్‌లో, రైల్వే క్వార్టర్స్‌లో. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఒలింపిక్స్ ఆడాడని మా నాన్న చెప్పేవారు. రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిందని, ఆయన కోచ్‌గా ఉన్న దేశం జట్టు 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిందని చెప్పేటప్పుడు నాన్న గొంతు మారేది. ఆ ఊరికి ఇవాళ ఐఎస్ఎల్‌లో జట్టు లేదు. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, మూడేళ్లు తిరిగేసరికి ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. మరోవైపు శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో ఆగింది. సొంత మైదానం, సొంత డబ్బు, అన్నీ ఉన్నా, మొదటి స్థానం ఒక్కటే పనికొచ్చే పద్ధతి కాబట్టి రెండుసార్లూ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పైనున్న ఊరు జట్టు కోల్పోయినా ఆ ఖాళీ కిందివాడికి రాలేదు, జట్టే ఊరు మారింది. ఫ్రాంచైజీ పద్ధతి ఎలాంటిదో ఇంతకన్నా వివరంగా నేను చెప్పలేను.

ఒక్క విషయం కాస్త ఆశ కలిగించేది ఉంది. దేశ ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త రాజ్యాంగాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. ముసాయిదా రాసింది విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు, ఆమోదించిన ధర్మాసనంలో జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. ఇద్దరూ తెలుగువాళ్లే అని రెడ్డెప్ప గారు మూడుసార్లు గుర్తుచేశారు. దేశంలో అగ్రశ్రేణి లీగ్ అంటే ఎక్కడం, దిగడం రెండూ ఉండాలన్నది ఆ పత్రంలోని ఉద్దేశం. అదే ఏడు డిసెంబరులో, 2010లో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు సంస్థతో సమాఖ్యకు కుదిరిన వాణిజ్య హక్కుల ఒప్పందమూ ముగిసింది. ఐఎస్ఎల్ నడిచింది ఆ ఒప్పందం మీదే. ఫలితంగా పై లీగే ఎప్పుడు మొదలవుతుందో తెలియక నెలల తరబడి ఆటగాళ్లు ఖాళీగా కూర్చున్నారు. మెట్లు బాగు చేస్తామంటున్న సమయానికి పైన మేడకే బీటలు కనిపిస్తున్నాయి.

కాబట్టి నా లెక్క ఇది. రాష్ట్ర లీగ్ క్లబ్బు ఐఎస్ఎల్‌కు చేరడం నియమాల ప్రకారం ఇప్పుడు సాధ్యమే. అయిదేళ్లలో, ఇప్పుడున్న డబ్బుతో, ఇప్పుడున్న మైదానంతో మా క్లబ్బుకు అది జరగదు. పెద్ద సంస్థ ఏదైనా కొంటే జరగవచ్చు, అప్పుడు పేరు మారుతుంది, రంగు మారుతుంది, బంగారపేట కుర్రాడి చోట్లో ఎవరో విదేశీయుడు ఆడతాడు, నా కార్డు ధరలో ఒక్క మ్యాచ్ టికెట్టు వస్తుంది. ఆ రోజు నేను సంతోషిస్తానో లేదో నాకే అనుమానం. క్లబ్బు తన ముందున్న లక్ష్యం ఐ-లీగ్ 3 అని కరపత్రం మీద నిజాయితీగా రాసి, పక్కనే ఏడాది జమాఖర్చులు అచ్చు వేస్తే, ఇంకో వంద కుటుంబాలు చేరతాయని నా నమ్మకం. మేనేజరుకు అదే చెప్పాను. జమాఖర్చుల మాట రాగానే టీ చల్లారిపోతోందన్నాడు.

అయిదుకు మార్కులు వేయాలంటే: ఆటకు నాలుగున్నర, సిబ్బంది మర్యాదకు నాలుగు, జెర్సీకి రెండున్నర, మ్యాచ్ వేళల సమాచారానికి ఒకటి, కరపత్రానికి సున్నా. ఆరేడేళ్లు దాటిన పిల్లలున్నవాళ్లు, మధ్యాహ్నాలు తీరిక ఉన్న రిటైరైనవాళ్లు కుటుంబ కార్డు నిశ్చింతగా తీసుకోవచ్చు. పనిదినాల్లో సెలవు దొరకనివాళ్లు ఒక్కరి కార్డు తీసుకుని ఆదివారం మ్యాచ్‌లకు వెళ్తే చాలు. జెర్సీ ఒక సైజు పెద్దది అడగండి, చిన్నగా కుట్టారు. అంకె లేకుండా ఇమ్మంటే ఇస్తారు, యాభై రూపాయలు తగ్గిస్తారు కూడా.